దాలయ్య చావాల్సిన సినిమా

తన మొగుడు ఈసారి చావడం లేదని తెలిసిన రోజున తాతమ్మ అన్నం తినలేదు.

ఆ కబురు తెచ్చింది మొగుడే. చీపురుపల్లి నుంచి వచ్చి బస్సు దిగిన దగ్గర్నుంచి కోనాడలో కనిపించినవాళ్లందరికీ చెప్పుకుంటూ, చేతిలో జిలేబీ పొట్లంతో ఇంటికొచ్చాడు. చక్కెర జబ్బు మనిషి జిలేబీ కొన్నాడంటే విషయం పెద్దదే అయ్యుండాలని తాతమ్మ అనుకుంది. దాలయ్య గుమ్మంలో నిలబడే చెప్పేశాడు. ‘నెత్తుటి దిబ్బ’ అయిదో భాగం తీస్తున్నారు. అందులో దాలయ్యని దెయ్యం చంపదు. దెయ్యాన్నే దాలయ్య దిబ్బ దాటేదాకా తరుముతాడు.

“శుభం పడీదాకా ఉంటానే తాతీ,” అన్నాడు, ఏదో ఉద్యోగం పర్మనెంటు అయినవాడిలాగ.

తాతమ్మ జిలేబీ పొట్లం అందుకుని, అతనికి అందని ఎత్తులో పెట్టి, “ఎవుల్నడిగి?” అంది.

‘నెత్తుటి దిబ్బ’ తెలియనివాళ్లు ఈ రెండు జిల్లాల్లో ఇప్పుడు తక్కువే గానీ, తెలిసినా తెలియదని చెప్పుకునే కాలం ఒకటుండేది. ఎనభైల చివర్లో చీపురుపల్లి జ్ఞానానందం మాస్టారు బడికి సెలవు పెట్టి, గరివిడి అవతల ఎప్పుడో మూసేసిన మాంగనీసు గని మట్టిదిబ్బ మీద తీసిన దెయ్యం సినిమా అది. ఆడింది కాబట్టి ‘మళ్ళీ నెత్తుటి దిబ్బ’ తీశారు. అదీ ఆడింది కాబట్టి ‘నెత్తుటి దిబ్బపై తొలిరాత్రి’ తీశారు. దాని మధ్యాహ్నం ఆటకి నెత్తిన తువ్వాలు కప్పుకుని వెళ్లిన కుర్రాళ్లు, హాల్లో అలాగే తువ్వాళ్లు కప్పుకున్న తమ మేనమామల్ని కలుసుకున్నారని చెప్పుకునేవారు. ఆ తర్వాత ‘నెత్తుటి దిబ్బ: ఆఖరి కేక’. అది ఆడలేదు కాబట్టి అదే ఆఖరిదయింది.

నాలుగింటిలోనూ సరుకు ఒకటే. ఒక దిబ్బ, ఒక దెయ్యం, కారణం అడక్కుండా వానలో తడవడానికి ఒప్పుకున్న ఒక అమ్మాయి, మొదటి పావుగంటలో చచ్చిపోవడానికి దాలయ్య. రాత్రి సీన్లన్నీ కెమెరాకి నీలం కాయితం అడ్డుపెట్టి పట్టపగలే తీసేవారు. ఎందుకంటే దెయ్యం వేషం కట్టేది మాస్టారి భార్య ఎలీసమ్మ. ఆవిడ బాప్టిస్టు చర్చిలో స్త్రీల సమాజానికి కార్యదర్శి. సాయంత్రం ప్రార్థనవేళకి ఇల్లు చేరాలి. మొహానికి తెల్ల పౌడరు దట్టించి జుట్టు ముందుకి వేసుకునేది కాబట్టి చర్చివాళ్లెవరూ గుర్తుపట్టలేదు. గుర్తుపట్టామంటే సినిమా చూశామని ఒప్పుకోవాల్సి వస్తుందని ఊరుకున్నవాళ్లూ ఉండొచ్చు.

దాలయ్య అందులోకి వెళ్లడం కూడా అనుకుని జరిగింది కాదు. సముద్రం మీదికి వేటకి వెళ్లని రోజుల్లో అతను చీపురుపల్లి సంతలో ఎండుచేపలు అమ్మేవాడు. మొదటి భాగంలో చావాల్సిన నటుడు ఆ రోజు రాలేదు. మాస్టారు సంతంతా తిరిగి, దాలయ్య గుడ్ల సైజు చూసి, గంప కింద పెట్టించి తీసుకుపోయారు. మెడ పిసికించుకుని పడిపోయాక, చచ్చాడో లేదో జనానికి తెలియకపోతే కష్టమని మాస్టారు అతని చేతే చెప్పించారు: “సచ్చిపోనాన్రా బాబో.” నాలుగు సినిమాల్లోనూ అదే మాట.

పాతికేళ్లు ఎవరికీ పట్టని ఆ మాట, సెల్‌ఫోన్లలో నెట్ చవకైపోగానే బతికి బయటపడింది. ఎవడో ఆ ముక్క కోసి వాట్సాప్‌లో వదిలాడు. పరీక్ష పోయినవాడూ, కరెంటు బిల్లు చూసినవాడూ, అత్తారింటికి వెళ్లాల్సినవాడూ దాలయ్య మొహాన్నే పంపడం మొదలుపెట్టారు. రాజాంలో ఇంజనీరింగ్ చదివి హైదరాబాదులో సినిమాలు తీస్తున్న యుగంధర్ అనే కుర్రాడు ఆ నాలుగు సినిమాలకీ భక్తుడు. అతను వచ్చి, డెబ్బై దాటిన మాస్టారి కాళ్లకి దండం పెట్టి, అయిదోది మీరే తీయాలి, ఖర్చు నాది అన్నాడు. ఒక్కటే షరతు. జనం అంతా ‘దాలయ్య బతకాలి’ అని కోరుతున్నారు కాబట్టి ఈసారి అతన్ని చంపకూడదు.

జనం కోరారు. తాతమ్మని ఎవరూ అడగలేదు.

అసలు సంగతి కాకి దగ్గర మొదలైంది. పెళ్లయిన కొత్తలో, ఒడ్డున వల బాగుచేసుకుంటున్న దాలయ్యని కాకి నెత్తిమీద తన్నిపోయింది. కాకి తన్నితే గండం. విరుగుడు ఇంటింటికీ తెలిసిందే. మనిషి పోయాడని దగ్గరవాళ్లకి అబద్ధపు కబురు పంపాలి. వాళ్లు నిజమనుకుని ఏడవాలి. ఆ ఏడుపు విన్న యముడు, ఇక్కడ పనైపోయిందనుకుని వేరే ఊరు పోవాలి. అత్త కూర్మమ్మ వెంటనే తాతమ్మ పుట్టింటికి కబురంపింది. తండ్రి గంగులు దారిపొడుగునా ఏడ్చుకుంటూ వచ్చి, అల్లుడు పీతల పులుసు కలుపుకుంటూ కనిపించేసరికి, విరుగుడు సంగతి తెలిసినవాడే అయినా ఆగలేక వీపు మీద రెండు గుద్దాడు.

ఆ తర్వాత సినిమా వచ్చింది. దాలయ్య తెర మీద చచ్చాడు. రాజాం నుంచి వచ్చిన నాటకాలావిడ అతని పెళ్లాంగా వచ్చి ఏడ్చింది. నెల తిరక్కుండా తుపానులో పడవ రెండు ముక్కలైతే, దాలయ్య ఒక ముక్క పట్టుకుని భీమిలి దగ్గర తేలాడు. రెండో భాగంలో చచ్చాక పాము కరిచింది. మనిషికి ఏమీ కాలేదు. ఆ పాము మాత్రం మళ్లీ కనపడలేదని ఊళ్లో చెప్పుకున్నారు. ఒక్క ఇంటికి కబురంపితేనే గండం పోయేటప్పుడు, రెండు జిల్లాల హాళ్లలో పోయాడని చూపిస్తే ఇంకేం మిగులుతుందని కూర్మమ్మ తేల్చేసింది. ఆవిడ పోయాక ఆ నమ్మకం, రుబ్బురోలూ, రాగి బిందెలతోపాటు కోడలికి సంక్రమించింది.

సినిమాలు ఆగిపోయాక ఏమైందో చూడండి. దాలయ్యకి కాలు విరిగింది. చక్కెర వచ్చింది. పోయినేడాది గుండె పట్టేసి శ్రీకాకుళం తీసుకెళ్తే, నరంలో స్టెంటు వేసి, ఇకమీదట ఒళ్లు జాగ్రత్త అన్నారు. డాక్టరు చాలా సేపు చెప్పాడు. తాతమ్మకి అందులో అర్థమైంది ఒకటే. మొగుడు చచ్చి చాలా ఏళ్లయిపోయింది. అందుకే ఇదంతా.

ఆసుపత్రి వరండాలో బల్లమీద కూర్చున్న ఆ పూట ఆమె కాళ్లలో పుట్టిన వణుకు ఇప్పటికీ పూర్తిగా పోలేదు. అది ఎవరికీ చెప్పలేదు. చెప్పాల్సింది మొగుడికి, అతనేమో భయపడతాడు. అయిదో భాగం తీస్తున్నారని మొదట విన్నప్పుడు ఆమె దేవుడి పటానికి దండం పెట్టుకుంది. ఇప్పుడీయన వచ్చి చావనంటున్నాడు.

మర్నాడు పొద్దున్న మందుబిళ్లలు చేతిలో పెడుతూ మంచిగానే అడిగింది. ఎప్పట్లాగే మొదట్లో పోతే ఏం పోయిందని. దాలయ్య బిళ్లలు మింగి, నీళ్లు తాగి, తన బాధ చెప్పుకున్నాడు. నాలుగు సినిమాలు చేశాడు. ఒక్కదాంట్లోనూ ఇంటర్వెల్ చూడలేదు. పొద్దున్నే చచ్చిపోవడం, టిఫిను చేసి ఇంటికొచ్చేయడం. నెత్తురంటే మాస్టారు బెల్లప్పాకంలో కుంకుమ కలిపేవారు. చీమలు మొహమంతా పాకేవి. శవం గోక్కోకూడదు. ఆఖరి రోజున అందరూ దిబ్బ మీద నిలబడి ఫొటో తీయించుకుంటే అందులో దాలయ్య ఒక్కడూ లేడు.

“ఒక్కసారి బతకనీయే,” అన్నాడు.

“బతకాలనే సెప్తన్నాను,” అంది తాతమ్మ. “ఒక్కసారి సావు మావా. నా మాటిను.”

ఈ మాటలు గోడవతల కూర్చుని వల అల్లుకుంటున్న అప్పలసూరికి వినపడ్డాయి. తాతమ్మ మొగుణ్ణి చావమంటోందని సాయంత్రానికల్లా ఊరు ఊరంతా తెలిసిపోయింది. కాకి సంగతి తెలిసినవాళ్లు ఆమె పక్షం చేరారు. సినిమా పిచ్చివాళ్లు అతని పక్షం. ఇంట్లో రెండు రోజులు పలకరింపులు లేవు. కూర గిన్నె మాత్రం ఎప్పట్లాగే అతని వైపు జరుగుతూ వచ్చింది.

మూడోనాడు తాతమ్మ ఒక మంచి కోనాం చేప గుడ్డలో చుట్టుకుని చీపురుపల్లి బస్సెక్కింది. ఎలీసమ్మకి, తాతమ్మకి పాత స్నేహం. దాలయ్యని పీక పిసికిన ప్రతిసారీ ఎలీసమ్మ మొహం కడుక్కుని, తప్పుగా అనుకోవద్దని చెప్పి, ఇంటికి కేకు కట్టి పంపేది.

“నువ్వైనా సంపు వదినా,” అని అడిగింది తాతమ్మ.

ఎలీసమ్మ చేపని చూసి, తాతమ్మని చూసి, కాకులూ గండాలూ నమ్మడానికి బైబిలు ఒప్పుకోదని మెల్లగా చెప్పింది. అయితే చంపడానికి తనకేమీ అభ్యంతరం లేదంది. నిజానికి ఆవిడ గొడవ ఆవిడకుంది. కొత్త కథలో దాలయ్య తరుముతుంటే దెయ్యం దిబ్బ చుట్టూ పరిగెత్తాలి. ఈ మోకాళ్లతో తను ఇంట్లో మేడమెట్లే ఎక్కలేకపోతోంది.

లోపల్నుంచి జ్ఞానానందం మాస్టారు వచ్చారు. అంతా విని, కుర్చీలో కూర్చుని, లెక్క తప్పిన పిల్లవాడి పలక చూస్తున్నట్టు ఆలోచించారు. చివరికి ఒక మార్గం చెప్పారు. చావు సీను విడిగా ఒకటి తీస్తారు. తీసి పక్కన పెడతారు. సినిమాలో మాత్రం దాలయ్య బతికే ఉంటాడు. తాతమ్మకి చావు దక్కుతుంది, యుగంధర్‌కి కథ దక్కుతుంది.

“సినిమాలో నేకపోతే యముడికెలాగ తెలుస్తాది మాస్టారూ?”

మాస్టారు క్రైస్తవులే గానీ దర్శకులు కూడా. “తీసినప్పుడే తెలుస్తాదమ్మా. ఆయన రిలీజు దాకా ఆగడు,” అన్నారు.

అది సబబుగానే తోచింది. కానీ తాతమ్మ ఇంకో మెలిక పెట్టింది. ఏడవడానికి రాజాం నాటకాలావిడా, హైదరాబాదు హీరోయినూ వద్దు. అప్పుడు గుండె జబ్బు లేదు కాబట్టి అద్దె ఏడుపు సరిపోయింది. ఇప్పుడు సొంత మనిషే ఏడవాలి. గాజులు పగలగొట్టనని, బొట్టు ముట్టుకోనని, ఏడుపు వరకే తన పూచీ అని కూడా ముందే చెప్పేసింది.

దాలయ్య కూడా ఒప్పుకున్నాడు. పొద్దున్నే చచ్చిపోయి, టిఫిను చేసి, బతికేస్తే సరి.

ఆ రోజు గరివిడి దిబ్బ దగ్గర జాతరలాగే ఉంది. యుగంధర్ మనుషులు గొడుగులూ దీపాలూ పెట్టారు. సీసాల్లో హైదరాబాదు నెత్తురు తెచ్చారు. మాస్టారు దాన్ని వేలితో ముట్టుకుని, ఇది నెత్తురులా ఉంది గానీ మన సినిమా నెత్తురులా లేదని, స్టవ్ తెప్పించి బెల్లప్పాకం కాయించారు. దాలయ్య ఒక ప్లాస్టిక్ సంచి గుండెకి ఆనించుకుని తిరుగుతున్నాడు. అందులో కొత్త తెల్లచొక్కా ఉంది. దెయ్యాన్ని తరిమేసి దిబ్బ మీద నిలబడే ఆఖరి సీను కోసం విజయనగరంలో కుట్టించుకున్నాడు.

ఎలీసమ్మ జుట్టు ముందుకి వేసుకుని వచ్చింది. “అన్నయ్యా, గట్టిగా పట్టుకోను, గుండె జాగర్త,” అని చెప్పి పీక పిసికింది. దాలయ్య గుడ్లు తేలేసి, “సచ్చిపోనాన్రా బాబో” అని పడిపోయాడు. కుర్రాళ్లంతా చప్పట్లు కొట్టారు. పాకం పోశారు. తాతమ్మని పక్కన కూర్చోబెట్టి ఏడవమన్నారు.

ఏడుపు రాలేదు.

ఎదురుగా అంతమంది నిలబడి ఏడు ఏడు అంటుంటే ఎవరికొస్తుంది? తాతమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని రెండుసార్లు దగ్గింది. యుగంధర్ గ్లిజరిన్ అన్నాడు. అక్కర్లేదని ఆమె చెయ్యూపి, మొగుడి మొహంలోకి చూసింది. పాకం మీదికి చీమలు చేరాయి. ఒకటి చెంప ఎక్కి, ముక్కు పక్కనుంచి కంటి దాకా పాకింది. దాలయ్య కదల్లేదు. ఇంట్లో దోమ వాలితే ఊరు లేపే మనిషి, చీమ రెప్ప మీద తిరుగుతున్నా కదల్లేదు. ఆసుపత్రి వరండాలో ఆమె కాళ్లలో పుట్టిన వణుకు ఇప్పుడు గొంతులోకి వచ్చేసింది.

“ఓరి నా మావో... మందులేసుకోమంటే ఏసుకున్నానంటివి, తలగడ కింద దాసిపెడితివి మావో... బీడీలు మానీసినానని నా నెత్తిన సెయ్యెట్టి ఒట్టేస్తివి, వలమూటలో కట్ట దొరికినాది మావో... పొద్దుగూకితే అరుగుమీద కూకుని నన్ను తిట్టీవోడివి మావో... ఇంక నానెవులితో దెబ్బలాడీది మావో...”

ఆగమని ఎవరూ అనలేదు. గొడుగు పట్టుకున్నవాడు గొడుగు వదిలేశాడు. కెమెరా కుర్రాడు, శవం కంట్లోంచి నీళ్లు కారుతున్నాయని చెప్పబోయి, మానేసి తన కళ్లు తుడుచుకున్నాడు. చివరికి తాతమ్మే ముక్కు చీది, కళ్లు తుడుచుకుని, “సాలు. లెగు మావా, ఉప్మా సల్లారిపోతాది,” అంది.

ఆమె పని అయిపోయింది. గుండె మీంచి రాయి దించినట్టుంది. ఉప్మా రెండుసార్లు పెట్టించుకుంది.

అంతలో యుగంధర్ వచ్చాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. తీసింది చూసుకున్నామనీ, పాత నాలుగు భాగాల్లోనూ ఇలాంటి సీను లేదనీ, దీన్ని పక్కన పెట్టడం పాపమనీ మాస్టారితో చెప్పాడు. కథ మార్చేద్దాం. దాలయ్య చావాల్సిందే. జనం బతకాలని కోరారు గానీ, ఈ ఏడుపు చూస్తే వాళ్లే క్షమించేస్తారు.

మాస్టారు దాలయ్య వైపు చూశారు. దాలయ్య ప్లేటు కింద పెట్టాడు. “పెట్టీండి బాబూ. సీను బాగొచ్చినాది కదా,” అన్నాడు. తర్వాత, వేసుకుందామని బయట పెట్టుకున్న ఆ తెల్లచొక్కాని పాకం చేతులు అంటకుండా వేలి చివర్లతో పట్టుకుని, మడత నలగకుండా మళ్లీ సంచిలో పెట్టేసుకున్నాడు.

తాతమ్మ అది చూసింది. వచ్చేవారం వరకూ అతను సాధిస్తే బాగుండును. తిడితే బాగుండును. ఏమీ అనకుండా చొక్కా మడతపెట్టుకున్నాడు.

“యుగంధర్ బాబూ, నా ఏడుపు నాకిచ్చీ,” అంది.

అతను నవ్వి, అది కెమెరాలో ఉంది కదమ్మా అన్నాడు.

“అయితే తీసీ. బతికున్నోడి కోసం ఏడిసినాను నాను. సచ్చినోడి మీదెయ్యడానికి ఒప్పుకోను.”

యుగంధర్ చాలా చెప్పాడు. సినిమా అంటే ఏమిటో చెప్పాడు, నటన అంటే ఏమిటో చెప్పాడు. పొద్దుటిదాకా చంపమని మీరే కదా బతిమాలారు అన్నాడు. గండం పోయింది కదా, ఇంకా ఎందుకు చంపడం అని ఆమె అడిగింది. గండం పోయాక కూడా చంపితే అది చంపడమే. అటు ఇటు ఎవరూ తగ్గలేదు. దాలయ్య మధ్యలో లేచి, పోనీలెద్దూ అన్నాడు. నువ్వు సచ్చినోడివి, మాట్లాడకు అని తాతమ్మ కూర్చోబెట్టేసింది.

ఎలీసమ్మ ఓ బండరాయి మీద కూర్చుని, మొహం మీది జుట్టు రెండు పాయలుగా తీసుకుని టీ తాగుతోంది.

“నా మటుకు నేను అన్నయ్య పోయాడనే అనుకున్నాను,” అంది ఎవరితోనూ కాకుండా. “పీక నొక్కింది నేనే అయినా, నాకే ఏడుపొచ్చింది. నిజంగా దెయ్యాన్నే అయ్యుంటే, ఇంక ఇక్కడ నాకేటి పని అని ఇంటికెళ్లిపోదును.”

మాస్టారు చేతిలో గ్లాసు ఆగిపోయింది. నాలుగు సినిమాల్లో ఆయన దెయ్యాన్ని మంత్రాలతో కొట్టారు, సిలువతో కొట్టారు, ఒకసారి పెట్రోలు పోసి దిబ్బంతా తగలబెట్టారు. మోసం చేయడం మాత్రం ఎప్పుడూ తోచలేదు. దాలయ్య చచ్చినట్టు పడుకుంటాడు. పెళ్లాం ఏడుస్తుంది. ఆ ఏడుపు నమ్మి దెయ్యం ఊరు వదిలి పోతుంది. ఆ తర్వాత మొగుడు లేచి నిలబడతాడు.

యుగంధర్ దాన్ని మనసులో రెండుసార్లు తిప్పుకుని, జనానికి ముందు తెలియకూడదు అన్నాడు. అంటే ఒప్పుకున్నట్టే. తరమడం పోయినందుకు దాలయ్య కాస్త నీరసపడ్డాడు గానీ, దిబ్బ మీద నిలబడ్డం ఉందో లేదో అడిగి కనుక్కుని కుదుటపడ్డాడు. దెయ్యం పరిగెత్తక్కర్లేదని తెలిసిన ఎలీసమ్మ అక్కడికక్కడే కళ్లు మూసుకుని చిన్న ప్రార్థన చేసుకుంది.

సినిమాకి విజయనగరంలో మొదటిరోజు ఉదయం ఆటకే హాలు నిండిపోయింది. ఈసారి తువ్వాళ్లు కప్పుకున్నవాళ్లు లేరు. తాతమ్మ మొదటిసారి మొగుడి సినిమాకి వచ్చింది. దాలయ్య ఆ తెల్లచొక్కాయే వేసుకున్నాడు. తెర మీద దెయ్యం వచ్చి పీక పట్టుకోగానే హాలు హాలంతా ముందే అందుకుని, “సచ్చిపోనాన్రా బాబో” అని అరిచింది. కాయితాలు ఎగిరాయి. ఈలలు.

తర్వాత తెర మీద తాతమ్మ మొగుడి మొహంలోకి చూసి నోరు తెరిచింది. ఈలలు ఒక్కొక్కటే ఆగిపోయాయి. బీడీకట్ట మాట దగ్గర ఎవరో నవ్వబోయి మానేశారు. వెనక వరసలో ఎవరో ముక్కు ఎగబీల్చడం వినపడింది. ఇదంతా తాతమ్మకి సిగ్గుగానే ఉంది. తన నోరు అంత పెద్దదని ఆమెకి తెలీదు. పక్కకి తిరిగి చూస్తే, దాలయ్య కండువా నోట్లో కుక్కుకుని, భుజాలు అదిరిపోతుంటే ఏడుస్తున్నాడు.

“ఏటైనాది మావా, గుండె గానీ...”

అతను కాదని తలూపాడు. కండువా తీసి, అదే చేత్తో ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

“నాను పోతే ఇంతలాగ ఏడుస్తావేటే?”

తాతమ్మ చెయ్యి విడిపించుకోలేదు.

“నోర్మూసుకుని సూడు,” అంది. “ఇప్పుడు లెగుస్తావు.”